పేర్లు లేని చోట పేరు కోసం ఆకలి

2008 జూన్ 8, ఆదివారం. టోక్యోలోని అకిహబారా. ఆదివారాలు అక్కడి పెద్ద రోడ్డు మీద బళ్ళు ఆపేసి జనాన్ని నడవనిచ్చేవారు. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక 25 ఏళ్ళ యువకుడొకడు అద్దె ట్రక్కుతో ఆ జనం మీదికి దూసుకొచ్చాడు. తర్వాత కిందికి దిగి దొరికినవాళ్ళని దొరికినట్టు కత్తితో పొడిచాడు. ఏడుగురు చనిపోయారు. పదిమంది గాయపడ్డారు.

ఆ తెల్లవారుజాము నుంచి అతను ఫోన్‌లో ఒక మెసేజ్ బోర్డులో రాస్తూనే ఉన్నాడు. అకిహబారాలో మనుషుల్ని చంపుతానని రాశాడు. దారి పొడుగునా రాశాడు. చివరికి టైమైందని రాశాడు. రెండేళ్ళ తర్వాత కోర్టులో అతను చెప్పిన సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. తాత్కాలిక ఉద్యోగాలు చేసుకుంటూ ఊళ్ళు మారుతూ బతికిన అతనికి, తనదంటూ మిగిలిన చోటు ఆ బోర్డే. అక్కడ ఎవరెవరో అతనిలాగే నటిస్తూ, అతని స్థానంలో రాయడం మొదలుపెట్టారు. వద్దన్నా మానలేదు. తాను ఎంత బాధపడ్డాడో వాళ్ళకి తెలియజెప్పాలనుకున్నానని అతను కోర్టులో అన్నాడు.

ఏడుగురి ప్రాణాలకు ఇది సంజాయిషీ కాదు, కాబోదు. 2022 జులైలో అతనికి ఉరిశిక్ష అమలైంది. కానీ నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఎవరికీ ముఖం లేని చోట, ఇవాళ రాస్తే రేపటికి పోయే మాటల మధ్య, ఒక మనిషి తన ఉనికినంతా ఎందుకు పెట్టుకున్నాడు? అక్కడ తన చోటు ఇంకొకరు లాక్కుంటే అంతగా ఎందుకు రగిలిపోయాడు?

అనామక బోర్డుల్లోంచి అతివాద గుంపులు ఎలా పుట్టుకొస్తాయని ఎవరైనా అడిగితే, "పేరు తెలియదు కదా, అందుకే నోటికొచ్చింది రాస్తారు" అనేస్తాం. గుంపులో గోవిందా అన్నమాట. అది అబద్ధమేమీ కాదు గానీ, దాంతో తేలేది చాలా తక్కువ. పేరు దాచుకుని మాట్లాడేవాళ్ళు లోకంలో కోట్లమంది ఉన్నారు. అందరూ విషం కక్కడం లేదు. మరి కొన్ని చోట్లే ఎందుకలా తయారవుతున్నాయి? దానికి ఆ బోర్డు ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడాలి.

నాలుగు నిమిషాల ఆయుష్షు

ఈ తరహా బోర్డులు బాగా ఎదిగింది జపాన్‌లో. 1999లో హిరోయుకి నిషిమురా అనే విద్యార్థి, అమెరికాలోని ఆర్కన్సాలో చదువుకుంటూ, '2చానెల్' మొదలుపెట్టాడు. 2001లో బొమ్మలు కూడా పెట్టుకునే 'ఫుతాబా చానెల్' వచ్చింది. 2003 అక్టోబరులో క్రిస్టఫర్ పూల్ అనే 15 ఏళ్ళ న్యూయార్క్ కుర్రాడు ఆ నమూనాలోనే ఇంగ్లిష్‌లో '4చాన్' తెరిచాడు. యానిమే అనే జపాన్ కార్టూన్లంటే పడిచచ్చే పిల్లలు కబుర్లు చెప్పుకోవడానికి పెట్టిన చోటు అది. అందులో రాజకీయం ఏమీ లేదు.

అక్కడ అకౌంట్ అక్కర్లేదు. పేరు రాసే గడి ఖాళీగా వదిలేస్తే పోస్టు మీద 'అనానిమస్' అని పడుతుంది. దాదాపు అందరూ ఖాళీగానే వదిలేస్తారు. ఎవరైనా జవాబు రాస్తే ఆ త్రెడ్, అంటే ఆ పోస్టూ దాని కింది జవాబుల వరసా, పైకి వస్తుంది. ఎవరూ పట్టించుకోకపోతే కిందికి జారుతూ జారుతూ, ఆఖరి పేజీ దాటి, పూర్తిగా మాయమవుతుంది. ఎంఐటీ, సౌతాంప్టన్ యూనివర్సిటీల పరిశోధకులు 4చాన్‌లో అప్పట్లో బాగా రద్దీగా ఉండే 'బి' అనే బోర్డును రెండు వారాలు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఆ రెండు వారాల్లో 55 లక్షలకు పైగా పోస్టులు పడ్డాయి. అందులో 90 శాతానికి పైగా ఏ పేరూ లేనివే. త్రెడ్లలో సగం నాలుగు నిమిషాలు కూడా బతకలేదు. మొదటి పేజీలో కనబడే సమయమైతే మామూలుగా ఐదు సెకన్లే.

ఆ ఐదు సెకన్ల దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. నిన్న మీరెంత మంచి మాట రాసినా ఇవాళ అక్కడ ఎవరికీ గుర్తుండదు. పదేళ్ళుగా వస్తున్నవాడికీ, పది నిమిషాల కిందట వచ్చినవాడికీ తేడా తెలియదు. మంచి పేరు కూడబెట్టుకునే దారే లేదు. ప్రతి పోస్టూ సున్నా నుంచి మొదలు కావాలి. ఉన్న కాస్త సమయంలో ఎవరో ఒకరిచేత జవాబు రాయించాలి. నింపాదిగా, ఆలోచించి రాసిన మాటకు జవాబు రావాలంటే చదివేవాడు కూడా నింపాదిగా ఉండాలి. అక్కడ అంత తీరిక ఎవరికుంది? కడుపుబ్బ నవ్వించే మాటకు జవాబు వస్తుంది. ఒళ్ళు మండించే మాటకు ఇంకా త్వరగా వస్తుంది. తిడుతూ రాసినా జవాబు జవాబే. త్రెడ్ పైకి వస్తుంది.

ఈ జల్లెడలోంచి మంచి సరుకూ వచ్చింది. తప్పు స్పెల్లింగుల పిల్లి జోకులు, నేడు అందరం వాడే మీమ్ సంస్కృతిలో పెద్ద భాగం ఇక్కడే తయారైంది. వేలమంది వేసిన వాటిలో బాగా నవ్వించినవే బతికాయి. కానీ జల్లెడకి హాస్యం, ద్వేషం వేరని తెలియదు. నిన్న అదరగొట్టిన జోకు ఇవాళ చప్పబడుతుంది. ఇవాళ ఇంకో మెట్టు ఎక్కాలి. రేపు ఇంకోటి. ఇలా జరగాలని ఎవరూ కుట్ర పన్నలేదు. ఏర్పాటే అలాంటిది.

పేరు లేకపోతే హోదా కూడా ఉండదనుకోవద్దు. అదే పరిశోధనలో ఒక చిన్న ముచ్చట ఉంది. మూడు త్రికోణాలను ఒక త్రికోణంలా పేర్చే 'ట్రైఫోర్స్' అనే గుర్తు ఒకటుంది. దాన్ని కీబోర్డు మీద సరిగ్గా టైప్ చేయడానికి ఒక కిటుకు తెలియాలి. తెలియని కొత్తవాడు ఎవరి పోస్టులోంచో కాపీ చేసి అతికిస్తే, పైనున్న త్రికోణం పక్కకి జరిగిపోతుంది. వాడు కొత్తవాడని అందరికీ తెలిసిపోతుంది. ఇక ఎగతాళే ఎగతాళి. అంటే పేరు స్థానంలో భాష వచ్చి కూర్చుంది. ఏ మాట ఎప్పుడు వాడాలి, ఏ జోకుకు నొచ్చుకోకూడదు, ఏ బూతు అక్కడ బూతు కిందికి రాదు, ఇవన్నీ తెలిసినవాడే లోపలివాడు. మిగతా లోకమంతా 'నార్మీ'లు. పదానికి అర్థం మామూలు మనుషులు అనే, కానీ అక్కడది తిట్టు.

రాత్రి రెండింటికి ఒక పోస్టు

ఒక సన్నివేశం ఊహించుకుందాం. ఇది ఎవరి కథా కాదు, కానీ ఇలాంటి పోస్టులు ఈ బోర్డుల్లో నిత్యం కనబడతాయి. రాత్రి రెండింటికి ఒక కుర్రాడు రాస్తాడు: "ఇవాళ ఒక్క మనిషితో కూడా మాట్లాడలేదు. నిన్న కూడా అంతే."

పగలు, పేరు తెలిసిన చోట, ఈ మాట అనడానికి అతనికి నోరు రాదు. అంటే జాలిపడతారు, లేదా నవ్వుతారు, లేదా ఇంట్లోవాళ్ళకి చెప్పేస్తారు. ఇక్కడ ఆ భయం లేదు. సెకన్లలో జవాబులు మొదలవుతాయి. మొదటివాడు "చచ్చిపో" అంటాడు. అది అక్కడ పలకరింపు లాంటిది, ఎవరూ పట్టించుకోరు. రెండోవాడు "నాది మూడో వారం" అంటాడు. మూడోవాడు "ఇంటర్ అయ్యాక నాకు ఫోన్ చేసినవాళ్ళు లేరు" అంటాడు. ఇంతవరకూ ఆ కుర్రాడికి చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. తనలాంటివాళ్ళు ఉన్నారు. ఈ ఓదార్పు నిజమైనదే. దాన్ని తీసిపారేసేవాళ్ళకి ఈ బోర్డులు ఎన్నటికీ అర్థం కావు.

నాలుగో జవాబుతో దారి మళ్ళుతుంది. "ఇది నీ తప్పు కాదు, నిన్ను ఇలా చేసినవాళ్ళు ఉన్నారు" అంటాడు ఒకడు. ఆ 'వాళ్ళు' ఎవరన్నది బోర్డును బట్టి మారుతుంది. ఆడవాళ్ళు కావచ్చు, వలస వచ్చినవాళ్ళు, యూదులు, ముస్లింలు, నల్లజాతివాళ్ళు కావచ్చు. ఒంటరితనం అనేది ఆకారం లేని బాధ. ఎందుకో తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు. దానికి ఒక కారణం, ఒక ముఖం చూపించగానే కాళ్ళ కింద నేల దొరికినట్టవుతుంది. "నేను పనికిరానివాడిని" అనుకుని పడుకోవడం కంటే "నాకు అన్యాయం జరిగింది" అనుకుని పడుకోవడం తేలిక. రెండోదాంట్లో కనీసం పరువు మిగులుతుంది. ఆ కుర్రాడు రేపు రాత్రి కూడా వస్తాడు.

2022 మే 14న అమెరికాలోని బఫెలో నగరంలో ఒక సూపర్‌మార్కెట్‌లో పదిమంది నల్లజాతి మనుషుల్ని కాల్చి చంపిన 18 ఏళ్ళ కుర్రాడు, 2020 మేలో, కోవిడ్ రోజుల్లో, విపరీతమైన బోర్ కొట్టి 4చాన్ చూడటం మొదలుపెట్టానని రాసుకున్నాడు. న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం 2022 అక్టోబరులో విడుదల చేసిన నివేదిక ఈ ప్రయాణాన్ని వివరంగా నమోదు చేసింది. బోర్ కొట్టడానికీ పది హత్యలకీ మధ్య రెండేళ్ళు.

ముసుగు ఎవరిది?

ముసుగు వేసుకుంటే మనిషిలోని మృగం బయటికొస్తుందని మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలం అనుకున్నారు. 1969లో ఫిలిప్ జింబార్డో చేసిన ప్రయోగంలో తలకు ముసుగులు తొడుక్కున్న విద్యార్థినులు ఎదుటివాళ్ళకి ఎక్కువసేపు షాకులు ఇచ్చారు (షాకులు ఉత్తుత్తివే, ఇచ్చేవాళ్ళకి ఆ సంగతి తెలియదు). పదేళ్ళ తర్వాత, 1979లో, జాన్సన్, డౌనింగ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే కాస్త మార్చి చూశారు. కొందరికి నల్లజాతివాళ్ళ మీద దాడులు చేసిన కు క్లక్స్ క్లాన్ అనే అమెరికా శ్వేతజాతి ముఠా వాళ్ళ దుస్తుల్లాంటివి ఇచ్చారు, కొందరికి నర్సు దుస్తులు. క్లాన్ తరహా దుస్తుల్లో ఉన్నవాళ్ళు షాకు పెంచే వైపు మొగ్గారు. నర్సు దుస్తుల్లో, అదీ ఎవరో తెలియకుండా ఉన్నవాళ్ళు షాకు ఇంకా తగ్గించారు!

ఈ ప్రయోగం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ముసుగు మనిషిని రాక్షసుణ్ణి చేయదు. ఏ వేషం వేస్తే దానికి తగ్గట్టు నడిపిస్తుంది. 1990ల మధ్యలో రైకర్, స్పియర్స్, పోస్ట్‌మెస్ అనే పరిశోధకులు ఇదే దారిలో ఒక సిద్ధాంతం కట్టారు. పేరు కనబడనప్పుడు 'నేను' వెనక్కి పోయి 'మనం' ముందుకొస్తుంది, ఆ గుంపు పద్ధతులనే మనిషి మరింత గట్టిగా పాటిస్తాడు అని. దీన్ని బట్టి చూస్తే మద్యం మానాలనుకునేవాళ్ళ సమావేశాల్లో అనామకత్వం ఎందుకు మేలు చేస్తుందో, అదే అనామకత్వం ఒక ద్వేష బోర్డులో ఎందుకు కీడు చేస్తుందో రెండూ అర్థమవుతాయి.

పూల్ కూడా తన వంతు వాదన చెప్పాడు. 2011లో ఒక సభలో, అనామకత్వం పిరికితనం అనుకోవడం పూర్తిగా తప్పని, మనిషి తన నిజ స్వరూపాన్ని అక్కడే చూపించగలడని వాదించాడు. ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ పేరెత్తి మరీ విభేదించాడు. ఆ వాదనకు బలం లేకపోలేదు. 2008 ఫిబ్రవరిలో సైంటాలజీ అనే మత సంస్థకు వ్యతిరేకంగా ప్రపంచమంతటా ముసుగులతో రోడ్ల మీదికి వచ్చినవాళ్ళు ఈ బోర్డుల నుంచి వచ్చినవాళ్ళే. ఇంట్లో కొట్టే భర్త గురించి, చెప్పుకోలేని జబ్బు గురించి, తన లైంగికత గురించి పేరు లేకుండా అడగగలిగినందుకు బతికి బయటపడ్డవాళ్ళు ఎందరో ఉంటారు. ఆ తలుపు మూసేయాలనే ఆలోచన నాకు లేదు.

నవ్వులాటలోంచి నమ్మకంలోకి

నవ్వు నాలుగు విధాల చేటు అంటారు. ఈ బోర్డుల్లో ద్వేషం ఎప్పుడూ ముందు తలుపులోంచి ద్వేషంలా రాదు. హాస్యంలా వస్తుంది. ఎవరైనా అభ్యంతరం చెబితే "జోకు కూడా తెలియదా" అంటారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అది అలాగే నిలబడిపోతుంది. ఒక మాటను రోజుకు యాభైసార్లు నవ్వుతూ చదివినవాడికి ఆ మాటలోని గరుకుదనం పోతుంది. మొదటిసారి ఉలిక్కిపడతాడు. యాభయ్యోసారి వేలు ఆగకుండా స్క్రీన్ కిందికి జరుపుతుంది. ఏదో ఒకరోజు అదే మాటను తను రాస్తాడు, జోకుగానే. జవాబులు వస్తాయి. తను జోకుగా రాశాడా, నిజంగా నమ్మి రాశాడా అన్నది కొంతకాలానికి తనకే తెలియదు.

ఈ గడప మీద కాపు కాసినవాళ్ళు ఉన్నారు. 2017లో ఒక నియో-నాజీ వెబ్‌సైట్ తన రచయితలకిచ్చిన మార్గదర్శక పత్రం బయటపడింది. చదివేవాడికి మనం జోకు వేస్తున్నామో నిజంగా అంటున్నామో తెలియకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. హాస్యాన్ని పనిముట్టుగా వాడటం వాళ్ళకి తెలిసి చేసిన పనే. అంతకుముందే, 2011 చివర్లో, 4చాన్‌లో రాజకీయాల కోసం 'పొలిటికల్లీ ఇన్‌కరెక్ట్' అనే బోర్డు తెరిచారు. ఇంగ్లిష్ ఇంటర్నెట్‌లో జాతి విద్వేషానికి అదే పెద్ద అడ్డాగా మారింది. 2014లో వీడియో గేముల రంగంలోని మహిళల మీద వేధింపుల ప్రచారం నడిచినప్పుడు పూల్ దాన్ని తన సైట్‌లో నిషేధించాడు. ఆ గుంపు '8చాన్'కు మారింది. ఫ్రెడరిక్ బ్రెన్నన్ అనే యువకుడు 2013లో, 4చాన్ కంటే తక్కువ ఆంక్షలుండాలని పెట్టిన సైట్ అది. అందులో ఎవరైనా సొంత బోర్డు తెరుచుకునే వీలుండేది.

బాగుపడినవాడు వెళ్ళిపోతాడు

పోస్టులకు ఉన్న జల్లెడ గురించి చెప్పాను. మనుషులకూ ఒకటుంది. నా ఉద్దేశంలో దీనిదే పెద్ద పాత్ర, కానీ దీని గురించి తక్కువ మాట్లాడుకుంటాం.

1997లో కెనడాలో ఒక విద్యార్థిని, ప్రేమ, తోడు దొరక్క ఒంటరిగా మిగిలిపోయినవాళ్ళ కోసం ఒక వెబ్‌సైట్ పెట్టింది. తనూ అలాంటిదే. ఆడా మగా ఇద్దరూ వచ్చేవారు. బిడియం గురించి, తొలిసారి మాట కలపడం గురించి ఒకరికొకరు చెప్పుకునేవారు. కోరుకోకుండా వచ్చిపడిన బ్రహ్మచర్యం అనే అర్థంలో ఆమె వాడిన మాటే తర్వాత కుదించుకుపోయి 'ఇన్‌సెల్' అయింది. కొన్నేళ్ళకి ఆమెకు ఒక తోడు దొరికింది. సైట్ వేరేవాళ్ళకి అప్పగించి తన దారిన వెళ్ళిపోయింది.

తోడు దొరికినవాళ్ళందరూ అలాగే వెళ్ళిపోతారు కదా. కాస్త ధైర్యం వచ్చినవాడు బయటికెళ్తాడు, స్నేహితులు దొరికినవాడికి ఆ రాత్రి రెండింటి పోస్టుతో పని ఉండదు. తిట్లు భరించలేని మెత్తనివాళ్ళు, "అందరు ఆడవాళ్ళూ అలా కాదు" అని వాదించేవాళ్ళు, ఆడవాళ్ళు, విసిగిపోయి మానేస్తారు. ఏడాదికేడాది బోర్డులో మిగిలేది ఎవరు? ఎక్కువ కోపం ఉన్నవాళ్ళు, ఎక్కువ నిరాశ ఉన్నవాళ్ళు. కొత్తగా వచ్చిన పద్దెనిమిదేళ్ళవాడికి అక్కడ కనబడే లోకం వాళ్ళే. బాగుపడినవాడి కథ చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు. "ఎవరూ దీన్నుంచి బయటపడలేదు" అనే మాట ఆ గదిలో పచ్చి నిజంలా కనిపిస్తుంది, బయటపడ్డవాళ్ళు ఆ గదిలో లేరు కాబట్టి. ఈ నిరాశకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'బ్లాక్ పిల్', నల్ల మాత్ర. పుట్టుకతో వచ్చిన ముఖం, ఎత్తు అన్నీ నిర్ణయించేశాయి, ఇక ఏం చేసినా మారదు అని.

2014 మేలో కాలిఫోర్నియాలోని ఐలా విస్టాలో ఒకడు ఆడవాళ్ళ మీద పగతో ఆరుగురిని చంపాడు. 2018 ఏప్రిల్‌లో టొరంటోలో ఇంకొకడు, ఆ మొదటివాణ్ణి కీర్తిస్తూ ఆన్‌లైన్‌లో నాలుగు ముక్కలు రాసి, వ్యాన్‌తో ఫుట్‌పాత్ ఎక్కించాడు. పదిమంది ఆ రోజే పోయారు, తీవ్రంగా గాయపడ్డ ఒకామె మూడేళ్ళు మంచాన ఉండి పోయింది. సైట్ మొదలుపెట్టిన ఆ మహిళ మళ్ళీ ముందుకొచ్చి, ఒంటరితనం మీద ఈసారి ద్వేషం దూరకుండా పనిచేయాలని ఇంకో ప్రయత్నం మొదలుపెట్టింది.

పేరు దక్కేది ఎవరికి

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని ఒకడు కాల్చి చంపాడు. కొన్ని నిమిషాల ముందు 8చాన్‌లో ప్రకటించాడు. ఇక ఉత్త పోస్టులు ఆపి అసలు పనిలోకి దిగుతున్నాననే ధోరణిలో, ఆ బోర్డు భాషలోనే. ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. ఆ లైవ్‌ను అప్పుడు చూసినవాళ్ళు 200 మంది కూడా లేరు. కానీ మొదటి 24 గంటల్లోనే ఆ వీడియో కాపీలు 15 లక్షలు తొలగించామని ఫేస్‌బుక్ చెప్పింది. అతను 200 మంది కోసం కాల్చలేదు. కాపీ చేసి నిలబెట్టే బోర్డు కోసం కాల్చాడు.

ఆ ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని పోవేలో ఒక యూదు ప్రార్థనా మందిరంలో కాల్పులు, ఒక మహిళ మృతి. ఆగస్టులో టెక్సస్‌లోని ఎల్ పాసోలో 23 మంది మృతి. ఇద్దరు హంతకులూ 8చాన్‌లోనే ప్రకటించారు, ఇద్దరూ క్రైస్ట్‌చర్చ్ ప్రస్తావన తెచ్చారు. బోర్డులో హంతకుల్ని 'సెయింట్లు' అన్నారు. చనిపోయినవాళ్ళ సంఖ్యను వీడియో గేములో స్కోరులా పోల్చుకున్నారు.

ఇక్కడ నాకు ఆ అకిహబారా ప్రశ్నకు జవాబు దొరికినట్టు అనిపించింది. ఈ బోర్డుల్లో లక్షల మంది రాస్తారు. ఎవరికీ పేరు లేదు, ఎవరూ గుర్తుండరు. ఎంత నవ్వించినా, ఎంత సాయం చేసినా నాలుగు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోతుంది. ఆ లక్షల మందిలో పేరుతో గుర్తుండిపోయేది హంతకుడొక్కడే. బొమ్మలు గీస్తారు, తేదీలు గుర్తుపెట్టుకుంటారు. తనెవరో ఎవరికైనా గుర్తుండాలని తహతహలాడుతూ వచ్చిన మనిషికి, ఆ చోటు చూపించే ఏకైక దారి అది. ఇలాంటి వ్యాసాల్లో హంతకుల పేర్లు రాయకూడదని నేను పెట్టుకున్న నియమం దీన్నుంచే వచ్చింది. ఆ పేరు తన నోట పలకనని పార్లమెంటులో చెప్పిన న్యూజిలాండ్ అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఈ సంగతి సరిగ్గా పట్టుకున్నారు.

2017 అక్టోబరులో 4చాన్‌లో మొదలైన 'క్యూ' వ్యవహారం కూడా ఇలాంటిదే. ప్రభుత్వ రహస్యాలు తెలిసినవాణ్ణని చెప్పుకున్న ఒక అనామకుడు, రాసేది తనేనని గుర్తుపట్టేలా ఒక కోడ్ వాడాడు. పేర్లు లేని చోట ఒక్క అక్షరం పేరు పెట్టుకున్నవాడి వెంట వేలమంది నడిచారు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద దాడి చేసిన గుంపులో ఆ అక్షరం ఉన్న జెండాలు కనబడ్డాయి.

అయితే పాపమంతా ఈ బోర్డుల నెత్తినే రుద్దడం న్యాయం కాదు. చూసేవాళ్ళలో హింసకు దిగేవాళ్ళు అతి కొద్దిమంది. ఆ మసీదుల దాడిపై విచారణ జరిపిన న్యూజిలాండ్ రాయల్ కమిషన్, 2020 డిసెంబరులో బయటికి వచ్చిన తన నివేదికలో, క్రైస్ట్‌చర్చ్ హంతకుడికి యూట్యూబే చాలా ఎక్కువగా సమాచారాన్నీ ప్రేరణనూ ఇచ్చిందని తేల్చింది. పేరున్న చానెళ్ళతో, లక్షల మంది అభిమానులతో, ప్రకటనల ఆదాయంతో నడిచే వేదిక అది.

మూసేస్తే సరిపోతుందా

అందరూ అసలు పేరు రాయాల్సిందేనని చట్టం చేస్తే? దక్షిణ కొరియా ఆ పని చేసి చూసింది. 2007 నుంచి పెద్ద సైట్లలో రాయాలంటే గుర్తింపు నిరూపించుకోవాలన్నారు. 2011లో ఒక సంస్థ నుంచి దాదాపు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2012 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేసింది. చెడు పోస్టులు చెప్పుకోదగ్గంత తగ్గిన దాఖలా లేదని, జనం విదేశీ సైట్లకు మళ్ళారని చెప్పింది.

మూసివేతల సంగతి ఇంత సూటిగా తేలదు. రెడిట్ అనే చర్చా వేదిక 2015లో రెండు ద్వేష బోర్డులను మూసేసినప్పుడు, ఆ సభ్యుల్లో రెడిట్‌లోనే ఉండిపోయినవాళ్ళ రాతల్లో ద్వేష భాష కనీసం 80 శాతం తగ్గిందని 2017లో ఒక పరిశోధన చూపించింది. చోటు మారితే మనిషి మారాడన్నమాట. నర్సు దుస్తుల ప్రయోగం గుర్తుందా? కానీ సొంత సైట్ పెట్టుకుని వెళ్ళిపోయిన గుంపుల మీద 2021లో వచ్చిన పరిశోధనలో, మొత్తం జనం, పోస్టులు బాగా తగ్గినా, వెళ్ళినవాళ్ళ భాష, ముఖ్యంగా ఒక రాజకీయ బోర్డులో, ఇంకా విషంగా మారిందని తేలింది. మళ్ళీ అదే జల్లెడ. నా మటుకు నాకు, మూసేయడం మంచిదే అనిపిస్తుంది. కొత్తగా, ఊరికే బోర్ కొట్టి వచ్చేవాళ్ళకి దారి దూరమవుతుంది. అది చిన్న లాభం కాదు.

ఎల్ పాసో తర్వాత, 8చాన్‌ను మొదలుపెట్టి అప్పటికే దూరమైన బ్రెన్నన్, దాన్ని మూసేయమని బహిరంగంగా కోరాడు. సైట్లను దాడుల నుంచి కాపాడే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ సేవలు ఆపేసింది, సైట్ పడిపోయింది. మూడు నెలలకి '8కున్' పేరుతో తిరిగి వచ్చింది.

లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికి రావడం గురించి నాకు తెలిసిన కథల్లో ఒకటి డెరెక్ బ్లాక్‌ది. తండ్రి కు క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు. 1990ల మధ్యలో స్టార్మ్‌ఫ్రంట్ అనే శ్వేతజాతి దురహంకార బోర్డు పెట్టింది ఆయనే. బ్లాక్ ఆ ఉద్యమానికి వారసులుగా ఎదిగారు. 2010లో ఫ్లోరిడాలో ఒక చిన్న కాలేజీలో చేరారు. కొన్నాళ్ళకి తోటి విద్యార్థులకి ఆ సంగతి తెలిసిపోయింది. చాలామంది మాటలు మానేశారు. మాథ్యూ స్టీవెన్‌సన్ అనే యూదు విద్యార్థి మాత్రం శుక్రవారం రాత్రి తన గదిలో జరిగే సబ్బాతు భోజనానికి పిలిచాడు. ఎవర్ని పిలుస్తున్నాడో అతనికి బాగా తెలుసు. అలా మొదలైన స్నేహాలు, ఓపిగ్గా లెక్కలు చూపించి వాదించిన ఇంకో స్నేహితురాలు, ఇవన్నీ కలిసి పనిచేశాయి. 2013 జులైలో బ్లాక్ ఆ ఉద్యమాన్ని వదిలేస్తున్నానని బహిరంగ ఉత్తరం రాశారు.

మొదటి శుక్రవారం బ్లాక్ ఒక వైన్ సీసా పట్టుకుని వచ్చారు. బల్ల దగ్గర ఉన్న అందరికీ ఆ పేరు, దాని వెనకున్న చరిత్ర తెలుసు. ఆ రాత్రి ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. మరుసటి శుక్రవారం మళ్ళీ పిలిచారు.